అద్భుతవీరుఁడును బ్రేక్షకాభిమానమును

అలంకారశాస్త్రమున నాయకుని లక్షణములును నాయికాభేదములును విస్తరముగా నిరూపింపఁబడినవి. ప్రేక్షకుని విషయమున భరతముని యొక్క మంచిమాట చెప్పియున్నాఁడు. వయస్సును బట్టి ప్రేక్షకుల రుచులు వేఱగుననియు, బాలురు హాస్యమునకును నేపథ్యమునకును, అనఁగా వేషభూషలకును, సంతోషింతురనియు నాతని మతము. తరువాతి యాలంకారికులు రసమును విచారించుటలో సహృదయునే ప్రమాణముగాఁ గొనిరి. బాలప్రేక్షకుఁడు వారి విచారమునకు వెలియయ్యెను. పాఠశాలలందుఁ దెలుఁగు బోధించు మనవంటివారికి నిత్యము తారసిల్లువాఁడు మాత్ర మా బాలుఁడే. అతఁ డొక యద్భుతవీరునిఁ దెరపైఁ జూచినపుడు వాని మనస్సున నేమి జరుగును? ఇది వినోదమునకై యడుగు ప్రశ్న కాదు. ఒకప్పు డీ ప్రశ్న బాలుర ప్రాణములతో ముడిపడి దేశమునఁ జర్చింపఁబడినది. ‘శక్తిమాన్’ అను దూరదర్శన ధారావాహిక యందుకు నిమిత్తము.

ఈ ధారావాహిక 1997వ సంవత్సరము సెప్టెంబరు నెలలో దూరదర్శన జాతీయప్రసారమున నారంభమై 2005 మార్చి దాఁక సాగినది. దీని భాష హిందీ. నాయకునకు రెండు రూపములు. ఒకటి గంగాధరుఁడు: వార్తాపత్రికలో ఛాయాచిత్రములు తీయువాఁడు, దళసరి కన్నద్దములు, ఎత్తుపండ్లు, నవ్వు పుట్టించు నడవడి కలవాఁడు. రెండవది శక్తిమానుఁడు: యోగసాధనచేఁ బంచభూతముల బలమును బొందినవాఁడు, ఎఱ్ఱని యుడుపు ధరించినవాఁడు. ఆపద వచ్చినచోట గంగాధరుఁడు మఱుఁగునకుఁ బోయి, చేయి పైకెత్తి గిరగిరఁ దిరిగి, శక్తిమానుఁడై ప్రత్యక్షమగును. వాని విరోధి పేరు తమరాజ్ కిల్విష్. తమస్సునకు రాజు, కిల్బిషమనఁగాఁ బాపము. కథాకర్త సంస్కృతకోశమును దగ్గఱ నుంచుకొనియే పేరు పెట్టినట్లున్నది. నాయకపాత్రను ధరించిన ముకేష్ ఖన్నా 1988 మొదలు 1990 వఱకుఁ బ్రసారమైన మహాభారతమున భీష్ముఁడుగాఁ బ్రసిద్ధి నందినవాఁడు.

ముందుగా నామమును విచారింతము. శక్తిశబ్దముపై ‘అది కలవాఁడు’ అను నర్థమున మతుప్ప్రత్యయము చేరఁగా శక్తిమత్ అను ప్రాతిపదిక మేర్పడి, ప్రథమైకవచనమున శక్తిమాన్ అగును. అకారాంతములకును, అకార మకారము లుపధగాఁ గలవానికిని మకారము వకారముగా మాఱునని పాణిని విధించెను. కావుననే ధనవాన్, లక్ష్మీవాన్ అని రూపములు. శక్తిశబ్దమున కా నిమిత్తము లేదు గనుక మకారము నిలిచినది. హనుశబ్దమునకును లేదు గనుక హనుమాన్ అని యైనది. తెలుఁగున వీరిరువురును శక్తిమంతుఁడు, హనుమంతుఁడు. మా బాపులపాడు మండలమున విజయవాడ యేలూరుల నడిమి జాతీయమార్గముపై, నూజివీడు గుడివాడ దారులు గలియుచోట, ఆంజనేయాలయమును బట్టి పేరొందిన హనుమాన్ జంక్షన్ కలదు. గుడిలోని దేవునిఁ బ్రజలు హనుమంతుఁడనియే యందురు. ఊరిపేరున మాత్రము సంస్కృతప్రథమ నిలిచిపోయినది.

మతుప్పున కర్థము లాఱని వైయాకరణులు పరిగణించిరి. సమృద్ధి, నింద, ప్రశంస, నిత్యసంబంధము, అతిశయము, సంసర్గము అనునవి యవి. గంగాధరుఁడు నవ్వులపాలగుచున్నపుడును శక్తి వానిని విడువదు గనుక నిత్యసంబంధార్థ మిచటఁ బొసఁగుచున్నది. కాని బాలుర చెవి కీ పేరు మఱియొక విధముగ వినఁబడినది. సూపర్‌మాన్, బ్యాట్‌మాన్ అను నాంగ్లనామముల తుదనున్న ‘మాన్’ అనఁగా మనుష్యుఁడు. శక్తిమానుఁ డా వరుసలోనివాఁడే యని పెక్కురు తలఁచిరి. ఒక వ్యుత్పత్తిలో వాఁడు హనుమంతుని సజాతీయుఁడు. రెండవ వ్యుత్పత్తిలో వేషము ధరించిన యొక మనుష్యుఁడు. మనుష్యుఁడైనచో ననుకరింపవచ్చును. హనుమంతుని వంటివాఁడైనచో శరణు వేఁడవచ్చును. బాలుర స్పందనలు సరిగా నీ రెండు దారులనే నడచినవి.

మొదటి దారి యనుకరణము. హిందీ రాని మా ప్రాంతపు పిల్లలును మామిడితోఁటల నీడలందు చేయి పైకెత్తి గిరగిరఁ దిరుగుటను నేను జూచితిని. అంగళ్ళయందు శక్తిమానుని యుడుపు లమ్మకమునకు వచ్చినవి. బాలునకు నేపథ్యముపైఁ బ్రీతి యని చెప్పిన భరతముని మాట కింతకంటె నిదర్శన మక్కఱలేదు. ఇది యాట, ఇందు భయపడవలసినది కొంచెము. గోడ యెక్కి దుముకువాఁడు కాలు విఱుగఁ గొట్టుకొనవచ్చును. అట్టి ప్రమాదము కోఁతికొమ్మచ్చి యందును గలదు.

రెండవ దారి వేఱు. తాము ప్రమాదమునఁ బడినచో శక్తిమానుఁడు వచ్చి రక్షించునని నమ్మి బాలురు తమ్ముఁ దామే యపాయమునకు లోఁబఱచుకొనిరని ధారావాహిక నడచుచున్న కాలముననే వార్తాపత్రికలలోఁ బ్రకటనలు వెలువడినవి. ఆ నిందను ముకేష్ ఖన్నా యంగీకరింపలేదు. ఏ సంఘటనమునకుఁ గారణమేదియో నిర్ణయించుట మన పని కాదు. అట్టి భయము తలిదండ్రులకుఁ గలిగినదనుటయు, తన్ను ననుకరింపవలదని శక్తిమానుఁడే తెరపైఁ గనఁబడి బాలురను హెచ్చరింపవలసి వచ్చెననుటయు నిశ్చయము. మన విచారమునకు నంతియే చాలును.

ఈ రెండు స్పందనలను శాస్త్రముతో సరిచూతము. శ్రీశంకుకుఁడు నటునియందుఁ గలుగు ప్రతీతిని చిత్రతురగన్యాయముచే వివరించెను. గోడపై వ్రాసిన గుఱ్ఱమునుఁ జూచి మనము గుఱ్ఱమందుము. అది నిజమైన గుఱ్ఱమను జ్ఞానము కాదు. గుఱ్ఱము కాదను బాధజ్ఞానమును గాదు. గుఱ్ఱమో కాదో యను సంశయమును గాదు. గుఱ్ఱమువంటిదను సాదృశ్యమును గాదు. ఈ నాలుగింటికంటె వేఱగు నొక ప్రతీతి. ఎక్కి స్వారి చేయఁబోని వాఁడే చిత్రమును జిత్రముగాఁ జూచినవాఁడు. శక్తిమానునకై యెదురుచూచిన బాలుఁడు గోడపై గుఱ్ఱము నెక్కఁబోయినవాఁడని శంకుకునిఁ బట్టి చెప్పవలెను.

అయిన నిది యా బాలునిఁ దప్పుపట్టుటయే గాని వాని మనస్సును వివరించుట కాదు. అభినవగుప్తుఁడు మఱికొంత దూరము పోయెను. రసాస్వాదమునకు విఘ్నము లేడని యాతఁడు నిరూపించెను. అందు రెండవది, తెరపై నగపడు సుఖదుఃఖములను ‘ఇవి నావి’ యనియో ‘ఇవి ఫలానావానివి’ యనియో నిర్దిష్టదేశకాలములతో ముడివేసికొనుట. ఆ ముడి విడిననే గాని సాధారణీకరణము లేదు; అది లేక రసము లేదు. తెరపై నొక పిల్ల మంటలలోఁ జిక్కుకొన్నపుడు ‘ఆ పిల్లను నేనే’ యనుకొన్న బాలునకు, తరువాతి క్షణమున ‘నా కొఱకును వాఁడు వచ్చును’ అను నిశ్చయము పుట్టుట సహజము.

ఇచట నొక విశేషమును గమనింపవలెను. ప్రేక్షకుఁడు నాయకునితోఁ దాదాత్మ్యము పొందుననుట లోకమున వాడుక. అద్భుతవీరుని కథయందది సగమే నిజము. ఆ కథలో నాయకుఁ డొకఁడు, రక్షింపఁబడువారు పెక్కురు. దుర్బలుఁడైన ప్రేక్షకుఁడు తన్ను నాయకునియందుఁ జూచుకొనుటకంటె రక్షింపఁబడువారి నడుమఁ జూచుకొనుటయే సులభము. అప్పుడు వానికిఁ గలుగునది వీరరసానుభవము కాదు, రక్ష్యరక్షకభావము. భక్తిశాస్త్రమున శరణాగతికి నంగములు చెప్పఁబడినవి. వానిలో ‘ఆతఁడు తప్పక రక్షించును’ అను దృఢవిశ్వాస మొకటి, దానినే మహావిశ్వాసమందురు. ఆ బాలునియందున్న దదియే. దోషము విశ్వాసమున లేదు; అది చేరిన యాశ్రయమున నున్నది.

అభిమానశబ్ద మీ విషయమునే తెలుపుచున్నది. అభిపూర్వకమగు మన్ ధాతువునుండి పుట్టిన యీ పదమునకు సంస్కృతమున గర్వమనియు, ‘ఇది నేను, ఇది నాది’ యను బుద్ధియనియు నర్థములు. దేహాభిమాన మనునపు డీ రెండవ యర్థమే గ్రాహ్యము. తెలుఁగున నది ప్రీతియనియు, గౌరవమనియు మాఱి, నేఁడు సినిమానటుని మెచ్చువాఁ డభిమాని యనఁబడుచున్నాఁడు. అర్థము మాఱినట్లు కనఁబడినను బ్రాఁతది పోలేదు. అభిమాని ‘మావాఁడు’ అనును. ‘మావాఁడు మమ్ము విడువఁడు’ అనియు ననును. సహృదయున కీ మమకారము లేదు. వాఁడు కథ ముగియఁగానే లేచి యింటికిఁ బోవఁగలఁడు.

ఇది పిల్లల బలహీనత మాత్రమే యనుకొనువారు పెద్దలను జూడవలెను. 1987 జనవరి మొదలు 1988 జులై వఱకు రామాయణ ధారావాహిక ప్రసారమైనపుడు టెలివిజన్ పెట్టెలకుఁ బూలదండలు వేసి హారతు లిచ్చినవారు పిల్లలు కారు. మన కృష్ణాజిల్లా నిమ్మకూరున 1923లో జన్మించిన నందమూరి తారక రామారావు 1957లో మాయాబజారునఁ గృష్ణుఁడుగాఁ గనఁబడిన పిదప, తిరుపతియాత్ర చేసిన తెలుఁగువారు మద్రాసులోని యాతని యింటికిఁ బోయి దర్శనము చేసికొనుట వాడుకయయ్యెను. 1980లో ఆతఁడు నటించిన ‘సూపర్‌మాన్’ చిత్రమున నాయకునకు శక్తులు హనుమంతుని యనుగ్రహముచేఁ గలుగును. పాశ్చాత్యుల యద్భుతవీరుఁడు తెలుఁగునేలఁ గాలు మోపవలెనన్న ఆంజనేయుని యనుజ్ఞ కావలసివచ్చెనన్నమాట. 1982లో ‘బొబ్బిలిపులి’ యందు న్యాయస్థానములకు లొంగని దుష్టులను దానే శిక్షించు సైనికుఁడుగా నటించెను. ఆ యేఁడే మార్చి 29న రాజకీయపక్షమును స్థాపించి, 1983 జనవరిలో ముఖ్యమంత్రి యయ్యెను. ఆ విజయమునకుఁ గారణములు పెక్కులు. అయినను దెరపై రక్షకుఁడైనవాఁడు వెలుపలను రక్షించునను విశ్వాస మందొకటి కాదనుట కష్టము.

శిక్షించుటను గూర్చియు నొకమాట. దండము ధరించు నధికారము రాజునదని ధర్మశాస్త్రము. దండము నిద్రించినచో మత్స్యన్యాయము ప్రబలునని యర్థశాస్త్రము. అధికారము లేకయే దండము చేఁబట్టు నాయకుఁడు ప్రేక్షకునకుఁ బ్రియుఁడగుటకుఁ గారణ మీ రెండింటి నడిమి సందు. న్యాయము జాప్యమగుచోట వాని కథ రుచించును. 2005లో ‘అపరిచితుఁడు’ అను పేర తెలుఁగున వచ్చిన శంకర్ దర్శకుని చిత్రమున నాయకుఁడు చిన్న చిన్న యక్రమములు చేసినవారికిని గరుడపురాణోక్తములగు నరకశిక్షలు విధించును. కథలో నాతఁడు బహువ్యక్తిత్వమను మనోరోగముతో బాధపడువాఁడు. ప్రేక్షకులు రోగమును మఱచి శిక్షను మెచ్చిరి. ‘ఎవఁడో వచ్చి వీరిని శిక్షించిన బాగుండును’ అను పెద్దవాని కోరికయు, ‘ఎవఁడో వచ్చి నన్ను రక్షించును’ అను బాలుని నమ్మికయు నొకేతల్లి బిడ్డలు. ఇరువురును దమ వంతు ప్రయత్నమును మఱియొకనికి నప్పగించినవారే.

ఈ విఘ్నమునకుఁ బ్రాచీనులు విఱుగుడు చెప్పకపోలేదు. పూర్వరంగము, ప్రస్తావన, నటీసూత్రధారుల సంభాషణము, కిరీటాదివేషము ఇవి యన్నియు ‘ఇది నాట్యము’ అను నెఱుకను ముందే కలిగించి రెండవ విఘ్నమును దొలఁగించునని యభినవగుప్తుని యభిప్రాయము. మా జిల్లాలోని కూచిపూడి భామాకలాపమును జూచినవా రిది యెఱుఁగుదురు. సూత్రధారుఁడు రంగమును విడువఁడు. వాఁడే మాధవియై సత్యభామతో మాటలాడును. సత్యభామవేషము పురుషుఁడు ధరించుట సంప్రదాయము. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామయై వచ్చినపుడు ప్రేక్షకులు పరవశులైరి. అయినను నాట్యమను నెఱుక వారిని విడువలేదు. శక్తిమాన్ ధారావాహికలో నీ క్రమము తలక్రిందైనది. హితవు కథ ముగిసినపిదప వచ్చెను. చెప్పినవాఁడు నటుఁడుగాఁ గాక, యెఱ్ఱని యుడుపుతోనే, శక్తిమానుఁడుగానే వచ్చెను. ‘నన్ను ననుకరింపకుఁడు’ అని శక్తిమానుఁడే యన్నచో, శక్తిమానుఁ డున్నాఁడను మాట మఱింత దృఢమగును గదా! వేషము తీసివైచి, తిరుగుట యెట్లు చిత్రింపఁబడినదో చూపి, నటుఁడే ముందుగా మాటలాడియుండిన నది ప్రస్తావన యగుచుండెను.

కావున నిట్టి కథలను నిషేధింపవలెనా? అట్లయినచో మనము పాఠశాలలందుఁ జెప్పు గజేంద్రమోక్షమును, ప్రహ్లాదచరిత్రమును నిషేధింపవలసి వచ్చును. అవియు రక్షకుఁడు వచ్చు కథలే. తారతమ్య మెచట నున్నదో వ్యాకరణమే చూపఁగలదు. ప్రహ్లాదుని కథలోని క్రియలను బిల్లలచే వ్రాయింపుఁడు. కొండపైనుండి త్రోయఁబడెను, అగ్నిలో వేయఁబడెను, ఏనుఁగులచేఁ ద్రొక్కింపఁబడెను. అన్నియుఁ గర్మణిప్రయోగములు. ‘దుమికెను’ అను కర్తరిరూప మందొకటియు లేదు. ఆపదను బ్రహ్లాదుఁడు తెచ్చుకొనలేదు. అది వానికిఁ దేఁబడినది. తానై దుమికి దేవుఁడు వచ్చునో రాఁడో యని చూచుట భక్తి కాదు, పరీక్ష. ఈ యొక్క వాక్యభేదము బాలునికిఁ దెలిసినచో, వాఁడు శక్తిమానుని నమ్మినను గోడపైనుండి దుముకఁడు.

గజేంద్రునిఁ గూర్చియు నట్లే. మన పిల్లలకు మొఱపెట్టిన ఘట్టము కంఠస్థము. అంతకు ముందు గజేంద్రుఁడు తన బలముతో మొసలితో వేయేండ్లు పోరిన సంగతి పాఠమునఁ దఱచుగా దాఁటిపోవుదుము. ఆ పోరాటమును ముందు బోధింపవలెను. తాను జేయవలసినదెల్లఁ జేసి, యిఁక శక్తి లేనపుడు పిలిచినవాని పిలుపది. పోరాట మెఱుఁగని పిలుపు సోమరితనమునకుఁ దావిచ్చును.

ఈ విషయ మిప్పటికిని బ్రాఁతపడలేదు. 2020 ఏప్రిల్‌లో జనులు మహమ్మారిచే నిండ్లకు బద్ధులైనపుడు శక్తిమాన్ మరలఁ బ్రసారమయ్యెను. నాఁడు బాలురైనవారు తమ బిడ్డలను గూర్చుండఁబెట్టుకొని చూచిరి. 2024 జనవరి 12న విడుదలయైన ‘హను-మాన్’ చిత్రమునఁ బ్రశాంత్ వర్మ యీ ప్రశ్ననే కథలోఁ బెట్టెను. అందుఁ బల్లెటూరి నాయకునకు హనుమంతుని యనుగ్రహమున బలము దొరకును. ప్రతినాయకుఁడో, చిన్ననాఁటనుండి యద్భుతవీరుఁడు కావలెనను వెఱ్ఱితోఁ దలిదండ్రులనే చంపుకొన్నవాఁడు. అనఁగా నందలి దుష్టుఁడు వీరకథలను బ్రేమించిన బాలుఁడే. అభిమానము హద్దు మీఱినచో నేమగునో యా చిత్రమే చెప్పినది.

బాలుని విశ్వాసమును నవ్వి చెఱుపుట సులభము. అది పండితులు చేయవలసిన పని కాదు. ఎవఁడో యొకఁడు రక్షించునను నమ్మిక లేని బాల్యము దుర్భరము. ఆ నమ్మికకు సరియైన యాశ్రయమును జూపుటయే మన పని. తెరపైనివాఁడు చిత్రతురగము. ఇంటనున్న తల్లి, ప్రక్కయింటి పెద్ద, బడిలోని యుపాధ్యాయుఁడు ఎక్కఁదగిన గుఱ్ఱములు. ఆపద వచ్చినపుడు పిలువవలసినది వీరిని. ఈ మాటను దెలుఁగు తరగతిలో, గజేంద్రమోక్షము చెప్పు దినమున, పండితుఁడు తప్పక చెప్పవలెనని నా మనవి.